పలాసలో ఆగిపోయే బండి

కలకత్తా న్యూ టౌన్‌లో మా అపార్ట్‌మెంటు లిఫ్టులో కలిసే కుర్రాళ్లందరూ కంప్యూటర్ల వాళ్లు. "అంకుల్, మీరేం పని చేసేవారు?" అని మర్యాదకి అడుగుతారు. పై అంతస్తు వచ్చేలోపు జవాబు ముగించాలి కాబట్టి "స్ప్రింగులు" అంటాను. పరుపుల కంపెనీలో చేశాననుకుని తలూపి దిగిపోతారు. లిఫ్టులో పట్టని ఆ మిగతా జవాబు ఇది. పిల్లలూ, తీరుబడిగా చదువుకోండి. తలుపులు మూసుకోవు.

ఉత్తర కలకత్తాలో ట్రాము రోడ్డు పక్కన ఒక కొట్టు ఉండేది. కీ ఇస్తే కదిలేది ఏదైనా అక్కడ బాగుచేసేవాళ్లం. గోడగడియారాలు, గ్రామఫోన్లు, డోలు కొట్టే రేకు కోతులు, అన్నిటికంటే ముఖ్యంగా దొరల కాలం నాటి బొమ్మ రైళ్లు. కరెంటుతో నడిచే వస్తువుని గుమ్మం దాటనిచ్చేవాళ్లం కాదు. ఆ రోజుల్లో కరెంటు కూడా కలకత్తాలో ఏ గుమ్మమూ సరిగ్గా దాటేది కాదు కాబట్టి మాకు నష్టం లేదు.

కొట్టు యజమాని ఒక బెంగాలీ పెద్దాయన. మేమంతా ఆయన్ని 'కర్తా' అనేవాళ్లం. ఆయన కళ్లద్దాలు ఎంత మందమంటే, ఎండలో ఆయన ఫుట్‌పాత్ మీద నిలబడి ఎదుటి కొట్టువైపు చూస్తే అక్కడి గుడ్డలు కమురు వాసన వేసేవి. కొట్టులో నా పని విడిభాగాలు వెతకడం. ఆ రైళ్లు చేసిన విదేశీ కంపెనీలు మా నాన్న పెళ్లికి ముందే మూతపడ్డాయి. కొత్త భాగం భూమ్మీద ఉండదు. చచ్చిన బండి ఎక్కడుందో వెతికి, దాని పేగు తీసి, బతికే ఆశ ఉన్న బండిలో పెట్టాలి. అందుకోసం నేను ఎక్కని అటక లేదు, కదపని తుక్కుగుట్ట లేదు. పాత సామాను వేలంపాటల్లో నా మొహం చూడగానే వేలం వేసేవాడు సుత్తి దించేసి టీ తాగడానికి పోయేవాడు. నేను తిరిగిన దూరమంతా కలిపితే చంద్రుడి దాకా వెళ్లి, అక్కడ ట్రాము దొరక్క నడిచి తిరిగి రావచ్చు.

షాలిమార్ గూడ్సు యార్డులో అసలు వ్యాగన్లు తోసే మా నాన్నకి మాత్రం నా ఉద్యోగం తలవంపులుగా ఉండేది. "ఏటి సేత్తన్నాడు నీ కొడుకు?" అని సాటివాళ్లు అడిగితే "రైల్వేలోనే" అని మాట తప్పించేవాడు.

మా కొట్టులో ఒక ఆనవాయితీ ఉండేది. వీధివైపు అద్దాల అరలో నల్లటి ఇంజను ఒకటి కూర్చుని ఉండేది. అది అమ్మకానికి కాదు. ఏడాదంతా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. బెంగాలీ ఉగాదినాడు, గణపతికి పూజ అయ్యాక, కర్తా దానికి కీ ఇచ్చి కౌంటరు మీద వదిలేవాడు. ఆ చివర నుంచి ఈ చివరకి అది చేరితే కొత్త సంవత్సరం మొదలైనట్టు. చేరకపోతే ఏమయ్యేదో మాకు తెలియదు, ఎందుకంటే అది ఎప్పుడూ చేరింది. చేరాక దానికి స్వీటు పెట్టి, ఆ స్వీటు నేను తినేవాణ్ని.

ఒక రోజు రేవు దగ్గరి వాట్‌గంజ్ నుంచి తెలుగు దంపతులిద్దరు మా కొట్టు వెతుక్కుంటూ వచ్చారు. మెటియాబ్రూజ్ వెళ్లే ఏదో బస్సులో, పాత కొట్లలో తెలుగువాడొకడు రైళ్లకి ఆపరేషన్ చేస్తాడని విన్నారట. ఆయన రేవులో కళాసీగా చేసి రిటైరయ్యాడు. భుజాలు లారీ బోనెట్టంత. ఆమె ఆయన మోచేతి దాకా వచ్చే సన్నటి మనిషి. నేను వరసలు కలిపేసి బాబాయి, పిన్ని అన్నాను. బాబాయి ఎర్ర తువ్వాలు విప్పి, అందులోంచి ఒక ఇంజనుని పసిపిల్లని దించినట్టు కౌంటరు మీదికి దించాడు.

"స్ప్రింగు తెగిపోనాది బావూ," అన్నాడు.

"తెగిపోలేదు. తెంపేసినాడు," అంది పిన్ని. "ఇన్నేళ్లూ నానే కీ ఇచ్చీదాన్ని. ఒక్కనాడు దీని జోలికి రాలేదు. రిటైరైన రోజున దండలేసి పంపినారు కదా, ఆ ఊపు మీద వొచ్చి, ఇయ్యాల నాను తిప్పుతానన్నాడు. ఓడ తాడు బిగించినట్టు బిగించీసినాడు."

"సంతోసమేసిందే," అన్నాడు బాబాయి నేల చూస్తూ.

"సంతోసమైతే రైలుకి ఉరేత్తారేటి?"

ఆ బండి ఎలా వచ్చిందో ఆయన చెప్పాడు. చాలా కాలం క్రితం ఒక దొర కుటుంబం ఓడెక్కి వెళ్లిపోతుంటే, క్రేను వలలోంచి ఒక పెట్టె జారి పగిలిందట. నొక్కుపడ్డ బొమ్మ ఎందుకని దొరసాని దీన్ని ఈయన చేతిలోనే పెట్టేసింది. ఇంజను, రెండు పెట్టెలు, గుండ్రంగా అమరే పట్టాలు. కొత్తగా కాపురానికి వచ్చిన పిన్ని అప్పుడు ఊరు మీద బెంగతో పగలూ రాత్రీ ఏడుస్తోంది. ఎంత ఏడ్చిందంటే ఆ వారం హుగ్లీలో పోటు ఒక మెట్టు ఎక్కువ వచ్చిందని నా అంచనా. కలకత్తా పద్ధతిలో ఇటుకల మీద ఎత్తుగా లేపిన మంచం కోడు చుట్టూ బాబాయి పట్టాలు పరిచాడు. మంచం కింద సొరంగం. ఒక్కో చుట్టుకి ఒక్కో స్టేషను. హౌరాలో బయలుదేరి, ఖరగ్‌పూర్, బాలాసోర్, కటక్, బరంపురం, ఇచ్ఛాపురం అని పేర్లు పిలుస్తూ ఉంటే బండి శ్రీకాకుళం రోడ్డుకి వెళ్లేది. ప్రతి ఆదివారం సాయంత్రం పిన్ని అలా పుట్టింటికి పోయి వచ్చేది.

"కానీ పలాసలో ఆగిపోయీది బావూ," అంది పిన్ని నాతో. "ఎంత కీ ఇచ్చినా పలాస దాటీది కాదు. అక్కడ్నించి నా సేత్తో తోసుకుని ఎల్లీదాన్ని."

ఇప్పుడు నిజం రైలుకి టికెట్లు కొనేశారు. క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఇద్దరూ శ్రీకాకుళం వెళ్లిపోతున్నారు, శాశ్వతంగా.

"మరింకేం పిన్నీ, ఊరే వెళ్లిపోతున్నావు కదా. ఇక బొమ్మ బండెందుకు?" అన్నాను. నా తెలివితేటల మీద నాకు అప్పట్లో మంచి అభిప్రాయం ఉండేది.

ఆమె నన్ను జాలిగా చూసింది. "ఇక్కడున్నన్నాళ్లూ దీని మీద మా ఊరెల్లీదాన్ని. రేపట్నించి అక్కడుంటాను. ఇక్కడికి దేని మీద రావాల?"

బాబాయి తువ్వాలు మడత పెట్టడం ఆపేశాడు. "ఇదే గొడవ బావూ. బండి నడిసీదాకా కదల్నంటాది. టికెట్టిచ్చిన రైలోడికి అదేటి తెలుస్తాది?"

కర్తాకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏమంటోంది అని అడిగాడు. నేను బెంగాలీలో చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఆయనది ఇప్పుడు సరిహద్దుకి అవతల పడిపోయిన ఊరు. చిన్నప్పుడు సియాల్దాలో బండెక్కితే తెల్లారేసరికి నది ఒడ్డున దిగేవాడట. ఆ వైపు బళ్లు ఆపేసి అప్పటికే చాలా కాలమైంది. దేశంలో రైల్వే టైంటేబుల్లో లేని ఊరు వెళ్లాలనుకునేవాడు ఆయనొక్కడే అని మేం వెనక నవ్వుకునేవాళ్లం.

"అయిపోతుందని చెప్పు," అన్నాడు నాతో.

అయిపోతుందని చెప్పడం తేలిక. ఇంజను విప్పి చూశాను. స్ప్రింగు మధ్యలో తెగి, రెండు ముక్కలూ ఒకదాన్నొకటి చూడకుండా పడుకున్నాయి. నా వేట మొదలైంది. గడియారాల బజారులో అలారం టైంపీసు స్ప్రింగు దొరికింది. పెట్టి చూస్తే బండి రెండు మూరలు నడిచి, భోజనం చేసిన గుమాస్తాలా కూలబడింది. తర్వాత చేతిపెట్టె గ్రామఫోను స్ప్రింగు తెచ్చాను. బలం ఉంది, కానీ వెడల్పు ఎక్కువ. మల్లిక్ బజారు తుక్కు దుకాణంలో ఒకడు, దాన్ని నిలువునా కత్తిరించి ఇస్తానని వాళ్ల అమ్మ మీద ఒట్టు వేశాడు. కత్తిరించాడు కూడా. కొట్టుకి తెచ్చి బిగిస్తుంటే అది పట్టు తప్పించుకుని లేచింది. కౌంటరు మీది టీ గ్లాసులు ఎగరగొట్టింది, గోడ మీది కేలెండరు ఎగరగొట్టింది, రోడ్డు మీద ట్రాములో కిటికీ పక్కన కూర్చున్న ఒకాయన టోపీ కూడా ఎగరగొట్టిందని నేను ఇప్పటికీ చెబుతుంటాను. టోపీ సంగతి వదిలేసినా గ్లాసులు నిజం.

ఆ తర్వాత ఊరంతా తిరిగాను. నిజం చెప్పాలంటే తిరగక్కర్లేదు. బాబాయి తువ్వాలు విప్పిన క్షణంలోనే నాకు తెలుసు. ఆ ఇంజనూ, మా అద్దాల అరలో ఉన్న ఇంజనూ ఒక్క తల్లి పిల్లలు. అదే పొగగొట్టం, అవే చక్రాలు, అదే పేగు. కర్తాకీ తెలుసు. నేను రోజూ ఆ అరకి వీపు పెట్టి కూర్చుని "ఇంకా దొరకలేదు కర్తా" అనేవాణ్ని. ఆయన ఆ అరకి వీపు పెట్టి నిలబడి "వెతుకు, వెతుకు" అనేవాడు. ఇద్దరు పెద్ద మనుషులు ఒక బొమ్మని చూడకుండా ఉండడానికి అంత కష్టపడడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

ఇంతలో ఇంకో ముచ్చట. వాళ్ల ప్రయాణానికి ముందు రోజు బంగ్లా బంద్ అని ప్రకటించారు. బస్సు, ట్రాము, రైలు, రిక్షా, అన్నీ చక్కా జామ్, ఒక్క చక్రం కదలకూడదు. పిలిచినవాళ్లలో బాబాయి యూనియనూ ఉంది. బంద్ ముందురోజు సాయంత్రం కొట్టు మూసేవేళకి కర్తా అద్దాల తలుపు తెరిచి, నల్ల ఇంజనుని తీసి నా ముందు పెట్టాడు.

"దీని స్ప్రింగు తియ్యి."

"కర్తా, మరి ఉగాదికి?"

"ఉగాది ఇంజను లేకపోయినా వస్తుంది హే. ఆమె మాత్రం బండి లేకపోతే ఇక్కడికి రాలేదు."

ఆయన అటు తిరిగి నిలబడ్డాడు. నేను విప్పాను. ఆ స్ప్రింగు నూనె వాసనతో, నీలం మెరుపుతో, నిన్ననే పుట్టినట్టు బయటికి వచ్చింది. పిన్ని ఇంజనులో అది కూర్చున్నప్పుడు వచ్చిన చిన్న చప్పుడు విని, వెనక్కి తిరగకుండానే "కూర్చుందా?" అన్నాడు.

మర్నాడు బంద్. కొట్టు నుంచి వాట్‌గంజ్ దాకా నడక తప్ప దారి లేదు. ఇంజనుని సంచీలో వేసుకుని బయలుదేరాను. వీధి మలుపులో కర్తా గొడుగుతో నిలబడి ఉన్నాడు. పంచె కాస్త పైకి దోపుకున్నాడు.

"మోకాళ్ల నొప్పులు కదా కర్తా?"

"అందులో స్ప్రింగు నాది. దాని గొంతు ఆఖరిసారి వినొద్దా? చోలో."

ఇద్దరం నడిచాం. పెద్ద పెద్ద రోడ్లన్నీ క్రికెట్టు ఆడేవాళ్ల వశమైపోయాయి. కలకత్తా అంత అందంగా నేనెప్పుడూ చూడలేదు. ఒక కూడలిలో జెండాలు పట్టుకున్న కార్యకర్తలు మమ్మల్ని ఆపారు.

"దాదా, సంచీలో ఏమిటి?"

"రైలు," అన్నాడు కర్తా.

"ఇవాళ రైళ్లు బంద్ దాదా."

"అందుకేగా భుజాన మోసుకెళ్తున్నాం."

వాళ్లు సంచీలోకి తొంగి చూశారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత దారి ఇవ్వడమే కాదు, ఎండలో వెళ్తున్నారని మంచినీళ్లు కూడా ఇచ్చారు.

క్వార్టరులో సామానంతా మూటలై గోడ వెంట కూర్చుంది. మంచం మాత్రం ఇటుకల మీద అలాగే ఉంది, పట్టాలు దాని కోడు చుట్టూ పరిచి సిద్ధంగా ఉన్నాయి. పిన్ని చీర మార్చుకుని, ఊరెళ్లేవాళ్లలాగ తల దువ్వుకుని కూర్చుంది. నేను ఇంజను పట్టాల మీద పెట్టి, పెట్టెలు తగిలించి, కీ ఆమె చేతికి అందించాను. బాబాయి అడ్డుగా చెయ్యి చాపాడు.

"ఇయ్యాల కాదు."

"ఏటి కాదు?" అంది పిన్ని.

"చక్కా జామంటే చక్కా జామే. నా సర్వీసులో బంద్ నాడు ఒక్క చక్రం తిరగనియ్యలేదు. క్రేను తిప్పమని దొరలొచ్చి బతిమాలినా తిరగనియ్యలేదు. రిటైరైపోనానని నా ఇంట్లోనే తిప్పుతానేటి?"

"ఇది బొమ్మ మావా."

"బొమ్మకున్నవి చక్రాలు కావా?"

"నీ జెండా తీసుకెల్లి నా రైలుకి కట్టినావు. దీన్ని తెంపినప్పుడు లేదేటి యూనియను? రేపు పొద్దున్నే బండెక్కాల. ఇయ్యాల కాపోతే ఇంకెప్పుడు?"

"ఆరు కొడితే బంద్ అయిపోతాది. అప్పుడు."

చుట్టుపక్కల క్వార్టర్ల వాళ్లు గుమ్మంలో చేరారు. అందరూ ఆయనతో పనిచేసినవాళ్లే. "దాదా మాట కరెక్టే" అని కొందరు, "పిన్నమ్మ రైలు అత్యవసర సర్వీసు కిందికి వస్తాది, పాలబండిలాగ" అని కొందరు. రేవులో ఎన్నో చర్చలు జరిగి ఉంటాయి, ఇంత లోతైన చర్చ జరిగి ఉండదు. నేను కర్తాకి తర్జుమా చేసి చెబితే, ఆయన గంభీరంగా తలూపి, "ఆయన చెప్పింది న్యాయం. ఆగుదాం," అన్నాడు. అంత దూరం నడిచి వచ్చిన మనిషి! పిన్ని ఇద్దరు ముసలాళ్లనీ ఒకే చూపులో చుట్టేసి, కీని కొంగున ముడేసుకుని, మాకందరికీ అన్నం వండింది. బండి పట్టాల మీద, మేం బండి చుట్టూ, సాయంత్రం దాకా అలాగే కూర్చున్నాం. రేపు ఇదే సమయానికి ఈ గదిలో ఎవరుంటారో ఎవరికీ తెలియదు.

ఆరు కొట్టింది. రోడ్డు మీద మొదటి బస్సు హారను వినిపించింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఎవరో లాంతరు వెలిగించి మంచం పక్కన పెట్టారు. మా బండికి కరెంటు అక్కర్లేదు.

పిన్ని కొంగు ముడి విప్పి కీ ఇచ్చింది. బండి కదిలింది. ఆ చప్పుడు ఎలా ఉంటుందంటే, చెప్పలేను పిల్లలూ. నేను దేన్నైనా పదింతలు చేసి చెప్పేవాణ్ని. దీన్ని మాత్రం ఉన్నంత కూడా చెప్పలేకపోతున్నాను.

హౌరా అంటుందని అందరం చూస్తున్నాం.

"శ్రీకాకుళం రోడ్డు," అంది పిన్ని. బండి మంచం కింద సొరంగంలో దూరి బయటికి వచ్చింది. "తిలారు." మళ్లీ వచ్చింది. "నౌపడా."

బాబాయి మొహం లాంతరు వెలుగులో మారిపోయింది. ఆమె రేపటి ప్రయాణం చెయ్యడం లేదు. ఆ తర్వాతది చేస్తోంది.

"పలాస."

అందరం ముందుకి వంగాం. బండి మాత్రం ఆగలేదు. పలాసలో నిలబడకుండా, ఏనాడూ అక్కడ నిలబడి ఎరగనట్టు, దూసుకుపోయింది. గుమ్మంలో వాళ్లు చప్పట్లు కొట్టారు. ఇచ్ఛాపురం. బరంపురం. ఖుర్దా రోడ్డు. కర్తాకి ఊళ్ల పేర్లకి తర్జుమా అక్కర్లేదు. పెదవులతో తనూ అంటున్నాడు. కటక్. భద్రక్. బాలాసోర్. చప్పుడు నెమ్మదించింది.

"ఖరగ్‌పూర్," అంది పిన్ని. బండి సొరంగంలోకి వెళ్లింది. బయటికి రాలేదు.

పిన్ని వంగి మంచం కిందికి చెయ్యి చాపబోయింది. బాబాయి ఆమె చెయ్యి పక్కకి పెట్టి, ఆ లారీ బోనెట్టంత భుజాలతో నేల మీద బోర్లా పడుకుని, మంచం కిందికి దూరాడు. లోపల చీకట్లోంచి ఆయన గొంతు వినిపించింది.

"అటేపు నువ్వు తోసుకున్నావు. ఇటేపు నాను తోత్తానులే."

బండి ఆయన వేళ్ల మధ్య మెల్లగా బయటికి వచ్చి పిన్ని పాదాల దగ్గర ఆగింది.

"హౌరా," అందామె. ఆ తర్వాత, "ఏడవకోయ్ మావా, వొచ్చీసినాను కదా," అంది.

మర్నాడు వాళ్లు వెళ్లిపోయారు. ఇంజను ఎర్ర తువ్వాల్లో, తువ్వాలు పిన్ని ఒళ్లో.

మా కొట్టులో నల్ల ఇంజను మళ్లీ అద్దాల అరలోకి వెళ్లింది, ఖాళీ కడుపుతో. దానికి వేరే స్ప్రింగు వెతుకుతానంటే కర్తా ఒప్పుకోలేదు. "దాని స్ప్రింగు డ్యూటీలో ఉంది హే," అనేవాడు. ఉగాదికి దాన్ని కౌంటరు మీద చేత్తోనే తోశాం. సంవత్సరం మొదలవడానికి ఏమీ అభ్యంతరం చెప్పలేదు.

కానీ ఆదివారాలు ఒక కొత్త ఆనవాయితీ పుట్టింది. సాయంత్రం ఆరు దాటగానే కర్తా గడియారం చూసేవాడు.

"ఏం హే, బౌమా బండి ఎక్కడిదాకా వచ్చి ఉంటుంది?"

పిన్నిని ఆయన బౌమా, అంటే కోడలుపిల్ల, అనేవాడు. నేను చేతిలో పని ఆపకుండా "భద్రక్ దాటి ఉంటుంది కర్తా," అనేవాణ్ని. కాసేపటికి మళ్లీ అడిగేవాడు. "ఖరగ్‌పూర్‌లో ఆగింది," అనేవాణ్ని. అప్పుడు ఆయన లేచి, అద్దాల తలుపు తెరిచి, ఖాళీ ఇంజనుని తీసి, కౌంటరు ఆ చివర నుంచి ఈ చివరకి నెమ్మదిగా తోసుకొచ్చేవాడు. వచ్చాక వీధిలోకి కేకేసి టీ చెప్పేవాడు. మేం ఇద్దరమే ఉండేవాళ్లం. మట్టి కప్పులు మాత్రం మూడు వచ్చేవి.

ఆ మూడోది నేనే తాగేవాణ్ని. అతిథి పేరు చెప్పి తెప్పించింది పారబొయ్యకూడదు కదా.

కర్తా పోయారు. కొట్టు ఇప్పుడు మొబైల్ ఫోన్లు అమ్ముతుంది. ఇంజను నా దగ్గరికి వచ్చింది, ఆదివారం పనితో సహా. లిఫ్టు కుర్రాళ్లలో ఒకడు మొన్న ఇంటికి వచ్చి, దీని స్ప్రింగు ఇంటర్నెట్లో దొరుకుతుంది అంకుల్, తెప్పించమంటారా అని అడిగాడు. మంచివాడే. వద్దన్నాను. ఆదివారం సాయంత్రం రమ్మన్నాను. ఖరగ్‌పూర్ నుంచి తోయడానికి నాకూ చేతులు నొప్పిపెడుతున్నాయి.

వాడి కోసం నాలుగో కప్పు కొన్నాను.